సాగదీసిన టైరుకు తీరం పెట్టే పరీక్ష

కారు డ్రైవరు తలుపు తీసి చూస్తే, పక్కనున్న పిల్లర్ మీద కంపెనీ అతికించిన చిన్న స్టిక్కరు కనబడుతుంది. ఆ బండికి ఏ సైజు టైరు వేయాలో, అందులో గాలి ఎంత పట్టాలో దాని మీద ఉంటుంది. కొత్త అలాయ్స్ కోసం షాపుకు వెళ్లేవాళ్లలో ఆ స్టిక్కరు చదివి వెళ్లేవాళ్లు తక్కువ. షాపులో బేరమంతా డిజైన్, రంగు, అంగుళాల మీద నడుస్తుంది. రిమ్ము వెడల్పెంత, అది బయటికి ఎంత పొడుచుకొస్తుంది, దాని మీద ఎక్కే టైరు ఎంత బరువు మోస్తుంది అనే ప్రశ్నలు బిల్లు కట్టాక కూడా రావు.

ఆ ప్రశ్నలను పక్కన పెట్టడంలో చివరి మెట్టు సాగదీసిన టైరు. ఇరుకు టైరును దానికి తగినదాని కంటే వెడల్పైన రిమ్ముకు ఎక్కిస్తారు. టైరు పక్కగోడలు నిటారుగా నిలవకుండా లోపలికి వాలతాయి, రిమ్ము అంచు బయటపడుతుంది. బండిని కిందికి దించి, చక్రాన్ని మడ్‌గార్డు అంచుకు సమంగా తెచ్చి నిలబెడితే వచ్చే ఆ రూపం కోసం కుర్రకారు ఖర్చుకు వెనకాడదు. నెల్లూరు జిల్లాలో దీని పూర్తి రూపం అరుదే. సగం రూపం మాత్రం మామూలు. రిమ్ము ఏడున్నర అంగుళాలకో ఎనిమిదికో పెరుగుతుంది, డబ్బు మిగలాలని టైరు పాతదే ఉంటుంది. మోజుతో చేసినా పొదుపు కోసం చేసినా టైరు మీద పడే బలాలు ఒకటే. వీటి గురించి ఇన్నేళ్లుగా జరుగుతున్న వాదనలను, పెన్నా సముద్రంలో కలిసే ఈ తీరపు రోడ్ల మీద నిలబెట్టి చూడటం ఈ సమీక్ష పని.

పుట్టినచోటు

జపాన్‌లో 1970లు, 80ల నాటి కుర్రకారు బండ్లను నేలకు ఆనించినట్టు దించి, వెడల్పు రిమ్ములు బిగించి తిరిగేవారు. పెద్ద చక్రం మడ్‌గార్డు కింద ఇమడాలంటే టైరు భుజం లోపలికి వాలాలి, లేదా చక్రమే పైభాగం లోపలికి వంగాలి. మొదటిది టైరు సాగదీత, రెండోది నెగటివ్ కాంబర్. యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ అభిమానులు దీన్ని అందుకున్నారు. ఆస్ట్రియాలో వోర్తర్‌జే సరస్సు ఒడ్డున 1982లో మొదలైన గోల్ఫ్ జీటీఐ సమావేశాలు ఇలాంటి బండ్లకు ఏటేటా జరిగే తిరునాళ్లయ్యాయి. 2000ల తర్వాత కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఫొటోలు, వీడియోలు ఈ రూపాన్ని ప్రపంచమంతా తిప్పాయి.

ఆ ఫొటోల్లో కనబడనిది ఒకటుంది. జర్మనీలో ఇరుకు టైరును వెడల్పు రిమ్ముకు వేయాలంటే, ఫలానా టైరు ఫలానా రిమ్ముకు పనికొస్తుందని టైరు కంపెనీ ఇచ్చే లేఖ తెచ్చుకోవాలి. టూఫ్ వంటి తనిఖీ సంస్థకు బండి చూపించి, ఆ మార్పును పత్రాల్లో ఎక్కించుకోవాలి. జపాన్‌లో వాహన తనిఖీ ఎంత కఠినమంటే, టైరు పక్కభాగం మడ్‌గార్డు దాటి 10 మిల్లీమీటర్ల లోపు బయటికి రావచ్చన్న చిన్న సడలింపు కూడా 2017లో గాని రాలేదు. అక్కడ ఈ రూపం వెనక పత్రం ఉంది, తనిఖీ ఉంది, కోరిన సైజులో టైరు దొరికే బజారు ఉంది. మన దగ్గరికి రూపం ఒక్కటే దిగుమతి అయింది.

అంకెలు చెప్పేది

స్విఫ్ట్‌లో కింది మోడల్‌కు 165/80 ఆర్14, పై మోడల్‌కు 185/65 ఆర్15 టైర్లు కంపెనీయే ఇచ్చింది. మొదటిదాని మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది 621. రిమ్ము అంగుళం పెరిగితే పక్కగోడ ఆ మేరకు తగ్గింది, చక్రం ఎత్తు మారలేదు. అదే లెక్కలో 195/55 ఆర్16 కూడా 621 దగ్గరే ఆగుతుంది. స్పీడోమీటరు, ఏబీఎస్, గేర్ల నిష్పత్తి అన్నీ ఈ ఎత్తును నమ్ముకొని పనిచేస్తాయి. అలాయ్స్ మార్చడం తప్పేమీ కాదని చెప్పేవాళ్లకు ఈ లెక్క అండ. ఎత్తు నిలిపి, బరువు మోసే శక్తి తగ్గకుండా చూసుకుంటే వాళ్ల మాట నిజమే.

సాగదీత మొదలయ్యేది వెడల్పు దగ్గర. ప్రతి టైరు సైజుకు ఏ వెడల్పు రిమ్ములు తగునో యూరప్‌లో ఈటీఆర్‌టీఓ, మన దేశంలో ఐటాక్ అనే సాంకేతిక సంఘాలు పట్టికలు ఇస్తాయి. 205/55 ఆర్16 టైరుకు ఐదున్నర నుంచి ఏడున్నర అంగుళాల రిమ్ము వేసుకోవచ్చు. అంటే కొంత సాగడం, కొంత ముడుచుకోవడం కంపెనీలే ఒప్పుకున్నాయి. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుందని వాళ్ల లెక్క. స్టాన్స్ అని పిలిచే ఈ దించిన బండ్లలో జరిగేది ఈ హద్దు దాటడం. 195 మిల్లీమీటర్ల టైరును తొమ్మిది అంగుళాల రిమ్ముకు ఎక్కిస్తే, రిమ్ము వెడల్పు 228.6 మిల్లీమీటర్లు. టైరు కంటే రిమ్మే సుమారు 34 మిల్లీమీటర్లు ఎక్కువ.

మూడో అంకె ఆఫ్‌సెట్, అంటే చక్రం మధ్యగీతకూ అది బండికి బిగిసే తలానికీ ఉన్న దూరం. రిమ్ము మీద ఈటీ అని ఉంటుంది. ఆరు అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న చక్రం తీసేసి ఎనిమిది అంగుళాల ఈటీ 30 చక్రం బిగించామనుకుందాం. వెడల్పు పెరుగుదలలో సగం 25.4 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ తేడా 15. చక్రం బయటి అంచు 40 మిల్లీమీటర్లకు పైగా బయటికి వస్తుంది, లోపలి అంచు 10 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపు జరుగుతుంది. బయటికి వచ్చిన ఆ నాలుగు సెంటీమీటర్లు స్పీడ్ బ్రేకర్ మీద బండి కుంగినప్పుడు మడ్‌గార్డుకు తగలకుండా ఉండాలనే టైరును సాగదీస్తారు. ఒక తప్పును సర్దడానికి ఇంకో సర్దుబాటు అన్నమాట. ఈలోపు చక్రం బేరింగు మీద బరువు పడే చోటు మారుతుంది, గుంతల్లో స్టీరింగు చేతిని లాగుతుంది.

నట్ల లెక్క వేరే ఉంది. స్విఫ్ట్‌కు నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్ల వృత్తం. పాత పోలోకు ఐదు నట్లు, వృత్తం అదే 100. క్రెటాకు ఐదు, 114.3. నట్లు కుదిరినంత మాత్రాన చక్రం కుదిరినట్టు కాదు. మధ్య రంధ్రం స్విఫ్ట్‌కు 54.1 మిల్లీమీటర్లు, బయటి అలాయ్స్‌లో చాలావాటికి 73.1. ఆ ఖాళీని పూడ్చే హబ్ రింగు వేయకపోతే చక్రం నడిమధ్యన కూర్చున్నట్టు నమ్మకం ఉండదు. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా వేగం మీద స్టీరింగు వణుకుతుంటే, ముందు ఈ రింగు ఉందో లేదో చూడాలి. స్టెప్నీ స్టీలు రిమ్ముదైతే దానికి పాత నట్లే సరిపోతాయి. అలాయ్ నట్లు రిమ్ముకు ఆనే భాగం ఆకారం వేరైతే పాత నట్లను బండిలోనే ఉంచుకోవాలి. పంచరైన రాత్రి ఆ సంగతి తెలిసి ప్రయోజనం లేదు.

అనుకూల వాదన

సాగదీతను సమర్థించేవాళ్లు గాలి మాటలు చెప్పడం లేదు. పక్కగోడ బిగుతుగా ఉంటే మలుపులో తక్కువ ఊగుతుంది, స్టీరింగు తిప్పగానే బండి స్పందిస్తుంది. కొద్దిపాటి సాగదీతను రేసు బండ్ల వాళ్లూ వాడతారు. నిలబడి ఉన్న బండి బరువు మోయడానికీ సాధారణంగా లోటు రాదు. 195/45 ఆర్16లో లోడ్ ఇండెక్స్ 80 ఉన్న టైరు 450 కిలోలు మోస్తుంది. నాలుగూ కలిపితే 1,800 కిలోలు, చిన్న హ్యాచ్‌బ్యాక్ మనుషులతో, సామానుతో కలిపి కూడా అంత ఉండదు. వర్షంలో నీటి మీద తేలే ప్రమాదం ఇరుకు టైరుకు తక్కువన్న మాటలోనూ నిజముంది.

అయితే 185/65 ఆర్15 టైరు లోడ్ ఇండెక్స్ 88, మోసేది 560 కిలోలు. నాలుగు చక్రాల మీద 440 కిలోల మిగులు పోయింది. బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికి, మలుపులో బయటి చక్రాల మీదికి వచ్చి పడుతుంది. గుంతలో దిగిన క్షణాన ఒక్క టైరే ఆ దెబ్బ తింటుంది. ఆ మిగులు ఉండేది ఆ క్షణం కోసం. అదీగాక లోడ్ ఇండెక్స్ అంకె ఒప్పుకున్న రిమ్ము మీద, నిర్ణీత గాలి ఒత్తిడిలో నిలిచేది. హద్దు దాటిన రిమ్ము మీద ఆ అంకెకు కంపెనీ పూచీ ఉండదు.

బీడ్ దగ్గర పోరు

టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది. అదే బీడ్. అది రిమ్ములో సుమారు 5 డిగ్రీల వాలు ఉన్న గట్టు మీద కూర్చుంటుంది. లోపలికి జారకుండా అక్కడ హంప్ అనే చిన్న మిట్ట అడ్డం ఉంటుంది. గాలి ఒత్తిడి బీడ్‌ను రిమ్ము అంచు వైపు నెడుతుంది. మామూలు టైరులో పక్కగోడ బయటికి ఉబ్బి ఉండటం వల్ల దాని బిగువు కూడా అటే సాయపడుతుంది. సాగదీసిన టైరులో పక్కగోడ లోపలికి వాలి ఉంటుంది గనుక దాని బిగువు బీడ్‌ను మధ్యకు లాగుతుంది. గాలి ఒకవైపు నెడుతుంటే గోడ ఇంకోవైపు లాగుతుంది. గాలి నిండుగా ఉన్నంతసేపు గాలిదే గెలుపు. గాలి తగ్గుతూ పోతే హంప్ ఒక్కటే మిగులుతుంది. మలుపులో పక్కదెబ్బ తగిలితే బీడ్ ఆ మిట్ట దాటి జారుతుంది, టైరులో గాలంతా ఒక్కసారిగా పోతుంది.

ఎక్కించేటప్పుడూ ఇదే తంటా. బీడ్ గట్టు మీదికి రాకపోతే కొందరు మండే స్ప్రే కొట్టి నిప్పంటిస్తారు. ఆ పేలుడు టైరును ఎగదోస్తుంది. లోపలి పొరలో ఏం కాలిందో బయటికి తెలియదు, ఎదురుగా ఉన్న మనిషికి చేతులూ ముఖమూ పోయే పని అది. ట్యాంకులో నింపిన గాలిని ఒక్కసారిగా వదిలే బీడ్ బ్లాస్టర్ ఉన్న చోటే ఈ పని జరగాలి. అక్కడా బీడ్ కూర్చోవడానికి 40 పీఎస్ఐ దాటించకూడదన్నది టైరు కంపెనీల మామూలు హెచ్చరిక.

ఎండ, ఉప్పు, ఇసుక, వాన

ఇక్కడిదాకా చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. నెల్లూరు తీరం దీనికి తన లెక్కలు కలుపుతుంది.

మొదటిది ఎండ. మే నెలలో జాతీయ రహదారి 16 మీద తారు పైభాగం గాలి కంటే ఎంతో వేడెక్కుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. దాన్ని చూసి చాలామంది గాలి తగ్గించి పెట్టిస్తారు. చల్లగా ఉన్నప్పుడు కొలిచి కంపెనీ చెప్పినంత పెట్టాల్సిన గాలిని, పరుగెత్తి వేడెక్కిన టైరులో కొలిచి తగ్గిస్తే, టైరు అవసరం కంటే మెత్తబడి, మరింత వంగి, మరింత వేడెక్కుతుంది. సాగదీసిన టైరుకు గాలే ఆధారమని పైన చూశాం. చెన్నై వైపు గంటకు వంద కిలోమీటర్ల పరుగులో ఆ ఆధారాన్ని మనమే తీసేసినట్టు.

రెండోది ఉప్పుగాలి. అలాయ్ చక్రం అల్యూమినియం మిశ్రమం. దాని మీది పారదర్శక పూత చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం తుప్పుకు భయం లేదు. మామూలు టైరు పక్కగోడ రిమ్ము అంచు కంటే కొద్దిగా బయటికి ఉబ్బి, ఆ అంచును కాస్తుంది. సాగదీసినప్పుడు అంచే ముందుంటుంది. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోస్తే బండి మట్టిలోకి దిగక తప్పదు. మళ్లీ ఎక్కేటప్పుడు తారు రోడ్డు అంచు నేరుగా రిమ్ముకే తగులుతుంది. రొయ్యల గుంటల గట్ల మీది ఇరుకు దారుల్లో కల్వర్టు గోడ, పట్నంలో డివైడర్ రాయి చేసేదీ అదే. పూత చిట్లిన చోటి నుంచి ఉప్పు తేమ లోహంలోకి దిగి, పూత కింద తీగలు తీగలుగా తుప్పు పాకుతుంది. అది బీడ్ గట్టు దాకా చేరితే గరుకుతనం వల్ల గాలి సన్నగా కారుతుంది. పంచర్ షాపులో నీళ్లలో ముంచితే ట్రెడ్ దగ్గర బుడగలు రావు, రిమ్ము అంచున వస్తాయి. మేకు కనబడలేదని గాలి కొట్టించి పంపేస్తే పది రోజుల్లో మళ్లీ తగ్గుతుంది. కారే గాలి, మధ్యకు లాగే పక్కగోడ రెండూ ఒకే చక్రంలో కలిస్తే బీడ్ జారడానికి ఇంకేమీ అక్కర్లేదు.

మూడోది ఇసుక. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట తీరాలకు ఆదివారాలు కార్లు బారులు తీరుతాయి. ఇసుకలో దిగబడకుండా నడపడం తెలిసినవాళ్లు గాలిని 15-18 పీఎస్ఐకి తగ్గించి, తర్వాత మళ్లీ నింపుతారు. ఎత్తు పక్కగోడ ఉన్న టైరుకు అది చెల్లుతుంది. సాగదీసిన టైరులో ఆ పని చేస్తే మొదటి మలుపులోనే బీడ్ వదిలేయవచ్చు. తగ్గించకపోతే చక్రం ఇసుకలో గొయ్యి తవ్వుకుంటుంది. బయటపడ్డాక బీడ్‌కూ రిమ్ముకూ మధ్య చేరిన ఇసుక రేణువు ఇంకో కారుడుకు దారి.

నాలుగోది వాన. ఈ జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తాయి. 2021 నవంబరు వరదల్లో ఇక్కడి రహదారే తెగింది. అంత అక్కర్లేదు, రోడ్డు మీద నీరు ట్రెడ్ లోతును మించి నిలిస్తే చాలు. నాసా 1960ల్లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, 30 పీఎస్ఐ ఉన్న టైరు గంటకు సుమారు 91 కిలోమీటర్ల దగ్గర నీటి మీద తేలడం మొదలెడుతుంది. 20 పీఎస్ఐకి పడిపోతే 75 దగ్గరే. ఇరుకు టైరు వానలో మేలన్న వాదన గాలి సరిగా ఉన్నప్పటి మాట. సాగదీతతో పాటు కాంబర్ కూడా పెంచిన బండిలో ట్రెడ్ లోపలి అంచే ముందుగా అరుగుతుంది. బయటి నుంచి చూస్తే గాడులు నిండుగా కనబడతాయి, లోపలి పక్క నున్నగా ఉంటుంది. కారు టైరుకు చట్టం చెప్పే కనీస గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు. దాన్ని కొలవాల్సింది ఆ లోపలి అంచున.

చట్టం ఎంతవరకు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ మాటను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

అయితే ఇక్కడో సందుంది. లారీ, బస్సు వంటి రవాణా వాహనాల పత్రంలో టైర్ల సంఖ్య, సైజు నమోదవుతాయి. సొంత కారు పత్రంలో ఆ గడి ఉండదు. అందుకే అలాయ్స్ మార్చడం దానంతటదే నేరమా అన్నది తేలని ప్రశ్నగా మిగిలి, బండి ఆపిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూపు మీద ఆధారపడుతోంది. మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన చక్రం ఆయన కంట పడుతుంది. మడ్‌గార్డు లోపలే ఉండి హద్దు దాటి సాగిన టైరు పడదు. ప్రమాదం రెండోదానిలో ఎక్కువ కావచ్చు. బీమా సంగతి ఇంకా సూటిది. మార్పును ముందే చెప్పి పాలసీలో రాయించుకోకపోతే, క్లెయిమ్ రోజున సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

బజారులో దొరికేది

2009 నాటి నాణ్యతా ఉత్తర్వుతో మన దేశంలో అమ్మే కారు టైరుకు ఐఎస్ 15633 ప్రకారం ఐఎస్ఐ గుర్తు తప్పనిసరైంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమిత జాబితాలో పెట్టింది. అదే నెలలో ఉమ్మడి నెల్లూరు జిల్లా దక్షిణపు హద్దుకు చేరువలో, చినపండూరు దగ్గర అపోలో టైర్స్ కర్మాగారం పని మొదలుపెట్టింది. తెలంగాణలో సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ కర్మాగారం ఉంది. మామూలు సైజులకు కరువు లేదు. సాగదీతకు పనికొచ్చే విచిత్రమైన సైజులకే కరువు. దాని ఫలితం రెండు రకాలు. ఒకటి, దొరికిన టైరును దొరికిన రిమ్ముకు తొడగడం. రెండు, ఎవరో వాడి తీసేసిన పాత టైర్లు కొనడం. రెండో దారిలో వెళ్లేవాళ్లు పక్కగోడ మీది నాలుగు అంకెలైనా చూడాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారీ. నిల్వలో ఎండ తిన్న రబ్బరుకు గాడి ఎంత లోతున్నా నమ్మకం లేదు.

రిమ్ముకూ గుర్తులున్నాయి. జపాన్ ప్రమాణాల జేడబ్ల్యూఎల్, వీఐఏ అచ్చులు చాలా అలాయ్స్ మీద ఉంటాయి. మన దేశంలో 2020 నాటి ఉత్తర్వు చక్రాలకు ఐఎస్ 16192 ప్రమాణాన్ని తెచ్చింది. అచ్చు ఉన్నంత మాత్రాన నకిలీ కాదని చెప్పలేం, లేకపోతే మాత్రం బేరం అక్కడే ఆపేయవచ్చు.

తేలేది

రెండు పక్షాల వాదనలూ బేరీజు వేస్తే మూడు గీతలు గీయవచ్చు. అదే కారు పై మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సైజుకు మారడం నిశ్చింతైన పని. పట్టిక ఒప్పుకున్న రిమ్ము వెడల్పులో, చక్రం ఎత్తూ లోడ్ ఇండెక్సూ తగ్గకుండా చేసే మార్పు తెలివైన పని. చట్టం, బీమా చిక్కులు తెలిసి చేసుకోవాలి. పట్టిక దాటిన సాగదీత ప్రదర్శనకు నిలబెట్టే బండికి సరిపోవచ్చు. వారానికోసారి చల్లని టైరులో గాలి కొలిచి, రిమ్ము అంచు తుప్పును గమనించుకునే ఓపిక ఉన్నవాళ్లకే అదైనా. పిల్లలను ఎక్కించుకొని మే నెలలో హైవే ఎక్కే బండికి, ఆదివారం మైపాడు ఇసుకలో దిగే బండికి, నవంబరు వానలో తిరిగే బండికి అది పనికిరాదు.

ఈ మోజును తిట్టి మాన్పించలేం. షాపుల్లో మాట మారిస్తే కొంత మేలు జరుగుతుంది. అలాయ్స్ కొనేవాళ్లు డిజైన్ ఎంచుకున్నాక నాలుగు అంకెలు అడగాలి: రిమ్ము వెడల్పు, ఈటీ, మధ్య రంధ్రం, టైరు లోడ్ ఇండెక్స్. వాటిని తలుపు దగ్గరి స్టిక్కరుతో, టైరు కంపెనీ పట్టికతో పోల్చి చూపించే షాపు నాలుగు వేలు ఎక్కువ అడిగినా అక్కడే కొనాలి. ఆ అంకెలు చెప్పలేని షాపు సగం ధరకు ఇచ్చినా వద్దనాలి.